చిన్నదైపోతూ వచ్చిన నాటకం

ఈ మధ్య ఆఫీసు పని మీద ఊళ్ళు తిరగడం ఎక్కువైంది. మొన్న తిరుగు విమానంలో కూర్చున్నాక లాప్‌టాప్ తెరిచే ఓపిక కూడా లేకపోయింది. పక్క సీటులో ఒక ముసలాయన తన ముందున్న చిన్న తెర మీద ఏదో పాత నలుపు తెలుపు సినిమా పెట్టుకున్నాడు. హెడ్‌ఫోన్లు ఆయన చెవులకున్నాయి, నాకు బొమ్మే తప్ప మాట లేదు. తళతళలాడే గౌన్లు వేసుకుని వరసగా నిలబడ్డ అమ్మాయిలు, చుట్ట కాలుస్తూ అరిచే లావుపాటి మేనేజరు, తెర వెనక గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్న ఒక పిల్ల. ఒక్క మాట వినపడకపోయినా కథంతా నాకు తెలిసిపోయింది. ఇంకాసేపటికి పెద్ద హీరోయిన్‌కి కాలు బెణుకుతుంది. ఆ ఏడుస్తున్న పిల్లని స్టేజి మీదకి తోస్తారు. హాలంతా లేచి చప్పట్లు కొడుతుంది.

ఇలాంటి సినిమాలు నేను ఎన్ని చూశానో చెప్పలేను. అదీ పదకొండేళ్ళ వయసులో, అమెరికాలో, సన్నీవేల్‌లో, మా పై ఇంటి అంకుల్ గదిలో తివాచీ మీద కూర్చుని.

మేమప్పుడు ఉన్నది రెండంతస్తుల పాత అపార్ట్‌మెంట్లలో. మధ్యలో చిన్న ఈతకొలను, దాని పక్కన క్లబ్‌హౌస్ అని పిలిచే ఒక పెద్ద గది, ఆ గది వెనక బట్టలుతికే మెషీన్లు. సాయంత్రమయ్యేసరికి కొలనులోంచి క్లోరిన్ వాసన, డ్రయర్ గొట్టాల్లోంచి వెచ్చటి సబ్బు వాసన, కిటికీల్లోంచి ఇంగువ తాలింపు వాసన కలిసిపోయి ఒకటే వాసనగా వచ్చేవి. సగం ఇళ్ళు మనవాళ్ళవే. నాన్నలు పొద్దున్నే కంపెనీ షటిల్ బస్సు ఎక్కేవారు, దగ్గర ఆఫీసులవాళ్ళు సైకిళ్ళ మీద పోయేవారు. అమ్మలు ఇళ్ళలో ఉండిపోయేవారు. ఉండాలని కాదు. భర్త వీసా మీద వచ్చినవాళ్ళు ఉద్యోగం చెయ్యకూడదు, అంతే. మా అమ్మ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. ఆ సంగతి నాకు తెలిసేనాటికి నేను ఆమెను బియ్యం కడుగుతూనో, దుప్పట్లు మడతపెడుతూనో తప్ప చూడలేదు. మితంగా మాట్లాడేది. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

మా పై ఇంటి అంకుల్ వరంగల్ వైపు మనిషి. ఆయన భార్య అక్కడే కాలేజీలో పాఠాలు చెప్పేది. ఆవిడ తన ఉద్యోగం వదులుకుని రాలేదు, ఈయన తన ఉద్యోగం వదులుకుని వెళ్ళలేదు. ఎమ్మెస్ చదివే ఇద్దరు కుర్రాళ్ళని తోడు పెట్టుకుని ఉండేవారు. ఆయన కూడా ఒకప్పుడు అలాగే చదువుకోవడానికి వచ్చి, ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో, సెలవులకు అందరూ ఇళ్ళకు పోయాక, యూనివర్సిటీ లైబ్రరీలో ఊరికే ఇచ్చే పాత టేపులు తెచ్చుకుని చూశారట. అప్పుడు పట్టుకుంది ఆయనకి ఈ పిచ్చి. నాటక కంపెనీలు, తెర వెనక కొట్లాటలు, పాటలు, బూట్లతో టకటకమని చేసే నాట్యాలు. హాలీవుడ్డువాళ్ళు ఒకప్పుడు ఈ రకం సినిమాలు కుప్పలుగా తీశారు. ఆయన శనివారం మధ్యాహ్నాలు పిల్లలందరినీ పోగేసి ఒక్కోటీ చూపించేవారు. పాప్‌కార్న్ మీద నెయ్యీ కారప్పొడీ చల్లి ఇచ్చేవారు. వేళ్ళు ఎర్రగా అయి, తివాచీకి తుడుచుకునేవాళ్ళం.

ఒకసారి నేనే అడిగాను. “అంకుల్, వీళ్ళు ఆల్ ది టైమ్ సింగింగే చేస్తారు. స్టోరీ ఎప్పుడు వస్తది?”

“ఇదే స్టోరీ బిడ్డా. నాటకం ఆడాలె. హీరోయిన్ అలిగి కూసున్నది. మేనేజరుకు గుండెల నొప్పి. కిరాయి కట్టనీకి దిక్కు లేదు. అయినా నాటకం ఆడాలె. ఇంకేం గావాలె నీకు?”

ఆ సినిమాలు చూసి మేం చేసిన గొప్ప పని ఒకటుంది. సోడా సీసాల మూతలు ఏరి, స్కూలు బూట్ల అడుగున జిగురుతో అంటించుకుని, క్లబ్‌హౌస్ చెక్కనేల మీద టకటకలాడించాం. నేలంతా గీతలు పడ్డాయి. అపార్ట్‌మెంట్ మేనేజరు మా తలుపుకి నోటీసు అంటించి పోయింది. అమ్మ నన్ను కొట్టలేదు గానీ, బూట్లకి అంటిన మూతలు చాకుతో ఊడదీస్తూ “ఏమిటే ఈ పని?” అని అడుగుతూనే, ఒక మూత మిగిలిన బూటుని నేల మీద ఒకసారి కొట్టి చూసింది. మళ్ళీ ఒకసారి కొట్టింది.

నన్ను అన్నానికి పిలవడానికని అమ్మ పైకి వచ్చేది. తలుపు దగ్గరే గరిటె చేత్తో పట్టుకుని నిలబడిపోయి, పాట అయిపోయేదాకా చూసేది. అంకుల్ “కూసో చెల్లెమ్మా” అంటే, “లేదన్నయ్యగారూ, పొయ్యి మీద పప్పుంది” అనేది. కొన్ని వారాలకి పప్పు ముందే దించి రావడం మొదలుపెట్టింది.

ఆ ఏడు ఉగాది కార్యక్రమానికి నాటకం వెయ్యాలని అంకుల్ పట్టుబట్టారు. తనే రాశారు. ఒక నాటక కంపెనీ ఊళ్ళోకి దిగుతుంది. తెర లేచే వేళవుతుంది, ఏదీ సిద్ధంగా ఉండదు. మేనేజరు, హీరో, హీరోయిన్, హీరోయిన్ తల్లి, దర్జీ, దీపాల మనిషి, వీళ్ళందరి వెనకా ఎనిమిదిమంది నాట్యం చేసే అమ్మాయిలు. అన్నీ ఆయన చూసిన సినిమాల్లోవే, కానీ మాటలు మనవి. క్లబ్‌హౌస్‌లో రిహార్సల్స్ మొదలయ్యాయి. మేనేజరు వేషం అంకుల్‌దే. హీరో ఆయన ఇంట్లో ఉండే ఎమ్మెస్ కుర్రాడు, పొడుగ్గా ఉండి బాగా పాడేవాడు. హీరోయిన్‌గా గాజుల ఆంటీ. మనిషి కనపడకముందే గాజులు వినపడతాయని పిల్లలం పెట్టిన పేరది. వాళ్ళాయన ఉగాది జరిపే తెలుగు సంఘం కమిటీలో ఉండేవాడు. అందుకే ఆ వేషం ఆవిడకిచ్చారని కొందరు గొణిగారు గానీ, ఆవిడ నిజంగానే బాగా చేసేది. ఆవిడ విరగబడి నవ్వే ఘట్టమొకటుంది, అది వచ్చినప్పుడు మెషీన్లలో బట్టలేసుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా తలుపు దగ్గర ఆగేవారు. అమ్మకి వేషమేమీ లేదు. పక్కన కుర్చీలో కూర్చుని, మరిచిపోయినవాళ్ళకి మాట అందించడం ఆమె పని.

అంత సందడిలో చలికాలం పట్టుకుంది. అక్కడ వానలు చలికాలంలోనే, ఆ వానల కంటే ముందు వార్తలు వచ్చాయి. పెద్దవాళ్ళ మాటల్లో సినిమాలు పోయాయి, ఇళ్ళ ధరలు పోయాయి. లేఆఫ్, బెంచ్, ట్రాన్స్‌ఫర్, వీసా స్టాంపింగ్ అనే మాటలు మాకు ఎక్కాల్లా నోటికొచ్చాయి. “వాళ్ళ టీమ్ మొత్తం లేపేశారంట.” “హెచ్ వన్ వీసా కదా, గడువు లోపల వేరే స్పాన్సర్ దొరక్కపోతే ఇండియా పోవడమే.” ఈ మాటలు మెట్ల మీద, కార్ల దగ్గర, చివరికి పుట్టినరోజు పార్టీల్లో కేకు కోసేముందు కూడా వినపడేవి. పిల్లలు వస్తే గొంతు తగ్గించేవారు. తగ్గిస్తే మాకు ఇంకా బాగా వినపడేది.

మొదట పోయింది గాజుల ఆంటీ. వాళ్ళాయనకి ఉద్యోగం పోయిందని తెలిసిన వారానికే ఇల్లు ఖాళీ చెయ్యడం మొదలైంది. ఒక మధ్యాహ్నం ఆవిడ మా ఇంటికి వచ్చింది. చేతుల్లో కరివేపాకు కుండీ ఉంది. దాన్ని కిటికీ దగ్గర పెట్టి, “దీనికి చలి పడదు వదినా, లోపలే ఉంచండి” అంది. తరవాత గ్రైండర్ తెచ్చింది. తరవాత సున్నుండల డబ్బా. ఏడ్చిందా అంటే, లేదు. కాఫీ తాగుతూ ఉన్నట్టుండి అంది. “హీరోయిన్ మీరే వేస్తున్నారు. పై ఇంటి అన్నయ్యగారితో చెప్పేశాను.”

అమ్మ కంగారుపడింది. “నాకు రాదండీ. అందరి ముందూ నేనేమిటి?”

“రాకపోవడమేమిటి? ప్రతి రిహార్సల్‌లోనూ నా మాట నాకంటే ముందు మీ పెదాల మీద కనపడేది. నేను చూడలేదనుకున్నారా? లేవండి. ఆ నవ్వొకటి నేర్పించి పోతాను.”

అమ్మ లేచింది. నవ్వింది. చెయ్యి నోటి దగ్గరికి పోయింది. ఆంటీ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. “ఇది ఇక్కడుంటే వెనక వరసకి ఏం చేరుతుంది? కడుపులోంచి రానివ్వండి.” మళ్ళీ. మళ్ళీ. నాలుగోసారో ఐదోసారో అమ్మ నోట్లోంచి నేనెప్పుడూ వినని ఒక నవ్వు వచ్చింది. ఇల్లు నిండిపోయింది. ఆంటీ కూడా అందుకుంది. ఇద్దరూ సోఫా మీద పడి, ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నవ్వారు. అది ఎక్కడ నవ్వు మాని ఇంకొకటైందో నాకు తెలియలేదు. నేను సున్నుండల డబ్బా పట్టుకుని బాల్కనీలోకి పోయాను.

సినిమాల్లో పెద్ద హీరోయిన్ తప్పుకుంటే అందరికీ సంతోషమే. ఆవిడ ఎక్కడికి పోయిందో, సామాను ఎవరు సర్దారో చూపించరు. మేం మాత్రం వాళ్ళ వంటసామాను అట్టపెట్టెల్లో పెట్టి, టేపు అంటించి, విమానాశ్రయం దాకా వెళ్ళి దింపి వచ్చాం.

ఆ తరవాత ఒక్కొక్కళ్ళే. ఒక కుటుంబం జెర్సీ సిటీకి పోయింది, అక్కడ ఎవరో పని ఇప్పిస్తామన్నారని. ఇంకొకళ్ళు ఏకంగా హైదరాబాదుకే. మనిషి పోయినప్పుడల్లా అంకుల్ బట్టల మెషీన్ మీదకెక్కి కూర్చుని నాటకం కాగితాల మీద కొట్టివేతలు మొదలుపెట్టేవారు. కింద మెషీన్ ఊగుతుంటే ఆయన కలం కూడా ఊగేది. ఎనిమిదిమంది అమ్మాయిలు ఐదుగురయ్యారు, ఐదుగురు ముగ్గురయ్యారు. దర్జీ, దీపాల మనిషి కలిసి ఒకడైపోయారు. హీరోయిన్ తల్లి ఇక స్టేజి మీదకి రాదు, పక్కనుంచి గొంతు మాత్రం వినపడుతుంది. చివరికి ఆయన ఆ తగ్గిపోవడాన్నే నాటకంలో పెట్టేశారు. మేనేజరు చుట్టూ చూసి, “ఏరి వీళ్ళంతా? నిన్న ఇంకా ఉండిరి గదా?” అని అడుగుతాడు. “దారిలో ఉన్నారండీ” అంటాడు దర్జీ.

ఒకరోజు అమ్మ అడిగింది. “ఎందుకన్నయ్యగారూ ఇంత కష్టం? ఆపేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.”

“ఈ సినిమాలు తీసిన దినాలల్ల ఇక్కడ కూడ మందికి పనుల్లేకుండె చెల్లెమ్మా. రొట్టె కోసం లైన్ల నిలబడ్డరు. ఆ లైన్లకెళ్ళి వచ్చి సినిమా చూసిండ్రు. నాకు వేరే ఏం దెల్వది. పొద్దుగాల లేచినంక ఏదన్న ఒకటి సగంల ఉండాలె.”

అమ్మ మారింది. కూర తిప్పుతూ మాటలు చెప్పేది. చారులో ఉప్పు రెండుసార్లు వేసేది. అద్దం ముందు నడక మార్చి నడిచేది. హీరో మాటలూ తనే, హీరోయిన్ మాటలూ తనే. నాన్న రాత్రి పూట అన్నం తింటూ ఇవన్నీ వినేవాడు. ఆయనకి ఏ టీమ్ పోతుందో, ఎవరి సీటు ఖాళీ అయిందో అన్న ధ్యాసే. ఒకసారి మాత్రం, “ఇదంతా ఉగాది దాకే కదా?” అన్నాడు. కోపంగా కాదు. అలసిపోయి.

“ఆఁ. ఉగాది దాకే” అంది అమ్మ, ఆయన కంచంలో పెరుగు వేస్తూ.

ఇంక రెండు రోజుల్లో నాటకం. సాయంత్రం క్లబ్‌హౌస్‌లో అందరం ఉన్నాం. హీరో కుర్రాడు స్వీటు పెట్టె పట్టుకుని వచ్చాడు, కానీ ఎవరి ముఖమూ చూడటం లేదు. వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది. సోమవారమే చేరాలి. ఆ రోజుల్లో అలాంటి పిలుపు వస్తే ఆలోచించేవాళ్ళు లేరు, రేపే బయల్దేరాలి. అంకుల్ వాణ్ణి గట్టిగా కౌగిలించుకున్నారు. “మంచిగుండు తమ్మీ” అన్నారు. వాడు వెళ్ళాక వచ్చి మడత కుర్చీలో కూలబడ్డారు. కాగితాలు తీయలేదు.

“ఇగ చాలు చెల్లెమ్మా. ఎంతని కోస్తం? హీరో లేకుంట నాటకమెట్లాడుతం? రేపు పొద్దుగాల కమిటీకి ఫోన్ చేస్త.”

ఆయన ఓడిపోయినట్టు మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. స్వీటు పెట్టె తెరిచి ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. అప్పుడే నాన్న తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో సైకిల్ హెల్మెట్. అది ఆయన వచ్చే వేళ కాదు. అమ్మ ఆయన ముఖం చూసి లేచి నిలబడింది.

“రేపట్నించి వెళ్ళక్కర్లేదు” అన్నాడు నాన్న.

వెనక గదిలో ఎవరిదో డ్రయర్ తిరుగుతోంది. లోపల ఏదో గుండీ టింగుటింగుమని కొట్టుకుంటోంది.

“ఇంటికి పోదాం పదండి” అంది అమ్మ.

నాన్న కదల్లేదు. అందరి ముఖాలూ చూశాడు. “ఇక్కడేమైంది?” అని అడిగాడు. ఎవరో చెప్పారు. కాసేపు హెల్మెట్ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. “నేను నిలబడతాను” అన్నాడు. “రేపు నాకేం పని ఉంది?”

అంకుల్ తలెత్తారు. “బావా, డైలాగులు?”

“ఇంట్లో రోజూ వింటూనే ఉన్నాను.”

మర్నాడు స్కూలు ఎగ్గొట్టనిచ్చారు నన్ను. పట్టపగలు క్లబ్‌హౌస్‌లో మగవాళ్ళుండటం అంతకుముందు చూడలేదు. ఆ రోజు నలుగురైదుగురున్నారు, అందరికీ ఖాళీయే. నాన్నకి నటన రాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాలేజీ ఫొటోలో కుర్రాడిలా బిగుసుకుపోయాడు. చివరికి అంకుల్, “నువ్వు నటించకు బావా. ఊకె నిలబడు. మిగతది చెల్లెమ్మ చూసుకుంటది” అన్నారు.

నాటకం ఒక స్కూలు ఆడిటోరియంలో. బయట వరండాలో అల్యూమినియం ట్రేల నిండా పులిహోర, కాగితం కప్పుల్లో ఉగాది పచ్చడి. తెర వెనక హెయిర్ స్ప్రే ఘాటు, మల్లెపూల సెంటు, ఎవరో తాగి వదిలేసిన కాఫీ. జనం అంతకుముందు ఏళ్ళలో వచ్చినంత మంది లేరు. సీట్ల మధ్య ఖాళీలు కనపడుతున్నాయి. “ఏరి వీళ్ళంతా? నిన్న ఇంకా ఉండిరి గదా?” అని అంకుల్ అడగగానే హాలు గొల్లుమంది. ఆగిందనుకుంటే మళ్ళీ ఎక్కడో ఒక మూల మొదలయ్యేది. నవ్వుతూనే కొందరు పక్క సీట్లకేసి చూసుకున్నారు.

అమ్మ వచ్చింది. గాజుల ఆంటీ నేర్పిన నవ్వు నవ్వింది. మా అమ్మ హాస్యం చెయ్యగలదని ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. కనుబొమ్మ ఒకటి ఎత్తితే చాలు, జనం పడిపోతున్నారు. ఆమె పక్కన నాన్న భుజాలు వాల్చి, జరీ తలపాగా కిందికి జారుతుంటే నిలబడ్డాడు. కంపెనీ దివాళా తీసిన హీరోని ఎంత బాగా పట్టుకున్నాడో అనుకున్నారు జనం.

మధ్యలో ఒక ఘట్టం. హీరోయిన్ అడుగుతుంది. “నన్ను పెళ్ళి చేసుకుని ఏం పెట్టి పోషిస్తావు?” దానికి హీరో బోలెడు గొప్పలు చెప్పాలి. నాన్న నోరు తెరిచాడు. మాట రాలేదు. మరిచిపోయాడో, మరేమిటో. పక్కనుంచి అందిస్తున్నారు, ఆయన వినడం లేదు. అమ్మ వంకే చూస్తున్నాడు. హాలు మెల్లగా సద్దుమణిగింది. అప్పటికే కొందరికి ఆయన సంగతి తెలుసనుకుంటాను. ఆ నిశ్శబ్దం మరీ పొడుగైపోతుండగా అమ్మ ఒక అడుగు ముందుకేసి, ఆయన తలపాగా సర్ది, నాటకంలో లేని మాట ఒకటి అంది.

“సరేలే, నిదానంగా ఆలోచించుకుని చెప్పు. ఈలోగా నేనే నిన్ను పోషిస్తాను.”

మొదట నవ్వింది ఆడవాళ్ళు. ఇంజినీరింగ్ చదివి, ఎమ్మెస్సీలు చదివి, ఈ దేశంలో ఒక్కరోజు కూడా జీతం తీసుకునే హక్కు లేనివాళ్ళు. వాళ్ళ నవ్వు మామూలుగా లేదు. ముందు వరసలో ఒకావిడ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, ఆమె వెనక ఇంకొకావిడ. తరవాత మగవాళ్ళు కూడా కొట్టారు. నాన్న కూడా నవ్వేశాడు, స్టేజి మీదే, వేషం మరిచిపోయి.

నాటకం అయిపోయాక ఎవరూ మమ్మల్ని భుజాల మీద ఎత్తుకుని ఊరేగించలేదు. చెప్పిన వేళకి హాలు అప్పగించాలి. మగవాళ్ళు కుర్చీలు పేర్చారు, ఆడవాళ్ళు మిగిలిన పులిహోర డబ్బాల్లోకి సర్దారు. నాన్న అదే జరీ తలపాగాతో, పెన్సిల్ మీసంతో, పొడుగు చీపురు తోసుకుంటూ హాలు ఈ చివర నుంచి ఆ చివరకి ఊడ్చాడు. వద్దన్నా ఎవరికీ ఇవ్వలేదు ఆ చీపురు.

గడువు ఇంకాస్త ఉందనగా నాన్నకి రెడ్‌మండ్‌లో పని దొరికింది. వాన ఊరు. అక్కడా తెలుగువాళ్ళు బోలెడుమంది, అక్కడా ఉగాది. అమ్మ సంగతి ఎవరి ద్వారానో విని నాటకం వెయ్యమని అడిగారు. “ఓపిక లేదండీ” అంది. ఆ ఏడాదీ అంతే, మరుసటి ఏడాదీ అంతే. తరవాత అడగడం మానేశారు. ఆమెలాంటివాళ్ళు ఉద్యోగం చేసుకోవచ్చని చాలా ఏళ్ళకి అనుమతి వచ్చింది. అప్పటికి చదివిన కెమిస్ట్రీ పాతబడిపోయింది. ఒక పిల్లల స్కూల్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర పనికి కుదిరింది. పై ఇంటి అంకుల్ మేం వచ్చేసిన మరుసటి చలికాలంలో, గ్రీన్ కార్డు రాకుండానే, వరంగల్ వెళ్ళిపోయారు. రెండేళ్ళు ఫోన్లు చేశారు. తరవాత ఆయన భార్య చేసింది, ఒక్కసారి. ఆ అపార్ట్‌మెంట్లు కొట్టేసి గాజు మేడలు కట్టారు. ఒకసారి పని మీద ఆ దారిన వెళ్ళి, కొలను ఎక్కడ ఉండేదో కూడా పోల్చుకోలేకపోయాను.

విమానం దిగిన తరవాతి ఆదివారం అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ అడిగాను. “ఆ నాటకంలో మాటలు ఏవైనా గుర్తున్నాయా అమ్మా?”

“ఒక్కటీ లేదే.”

నేను ఇంకేదో చెప్పబోతుంటే తనే మళ్ళీ అంది. “ఆఖరి పాటలో మీ నాన్న చెయ్యి పట్టుకుని నిలబడాలి చూడు. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది. పాట అయ్యేలోగా కొంచెమైనా వేడెక్కుతుందేమోనని గట్టిగా పట్టుకుని చూశాను. జనం, చప్పట్లు, అవేమీ తెలియలేదు నాకు.”

“వేడెక్కిందా?”

“ఎక్కడే? ఈలోగా తెర దించేశారు.”